చోక్ మీద బతికే బండి

రుషికొండ కింద మూతపడ్డ రిసార్టు వాడు
ముప్పై ఎనిమిది వేలకి నాకు అంటగట్టిన
నాలుగు చక్రాల ఇసక బండి,
చోక్ లాగితే బతుకుతుంది
చోక్ మూస్తే చచ్చిపోతుంది.

ఆ రెండిటి మధ్య నా మూడు ఆదివారాలు పోయాయి.

మొదటి ఆదివారం ప్లగ్గు విప్పాను.
సున్నం కొట్టిన గోడలా తెల్లగా కాలి ఉంది.
గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని
ఆ తెలుపు చెబుతూనే ఉంది;
చదవడం నాకు రాలేదు. కొత్త ప్లగ్గు కొన్నాను.

రెండో ఆదివారం ట్యాంకు దింపాను.
అడుగున తుప్పు, ఇసక, ఒక చిన్న గవ్వ.
అందులోకి గవ్వ ఎలా వెళ్లిందో
ఇప్పటికీ తెలీదు.
సవారీకి వచ్చిన పిల్లలు
బండిని చూసి, నన్ను చూసి,
గుర్రం వైపు వెళ్లిపోయారు.
గుర్రానికి కార్బురేటర్ లేదు.

మూడో ఆదివారం ట్రాలీ ఆటోలో ఎక్కించి
ఫిషింగ్ హార్బరుకి, గరికిన లోవరాజు దగ్గరికి.
మరబోట్ల ఇంజన్లు విప్పీ విప్పీ
ఒక చెవి ఆ మోతకే ఇచ్చేసిన మనిషి.
ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు.
"ఎన్నాళ్లు ఒగ్గేసినారు దీన్ని?"
రిసార్టు మూసి రెండేళ్లు, అన్నాను.
"రెండేళ్లే!"
ఎవరిదో చావు కబురు విన్నట్టు తల ఊపాడు.

గిన్నెకి నాలుగు స్క్రూలు.
రెండు తిరిగాయి, మూడోది కీచుమంది,
నాలుగోది తల ఇచ్చింది గాని చోటు వదల్లేదు.
దానికో అరగంట, కొన్ని బూతులు.

లోపల పెట్రోలు లేదు.
ఉండపాకం పట్టిన బెల్లం రంగు జిగురు,
పాత వార్నీషు వాసన,
గోడల నిండా ఉప్పు పొక్కులు, చిలుము.

పైలట్ జెట్ ఊడదీసి ఎండకి ఎత్తాడు.
చిటికెన గోరంత ఇత్తడి. నడుమ కన్నం ఉండాలి.
వెలుగు రాలేదు.

బ్రేకు కేబులు పోగొకటి అందించాను.
చేతి మీద ఒక్కటిచ్చాడు.
"ఇత్తడి మెత్తన బావూ. ఉక్కు గుచ్చితే కన్నం పెద్దదైపోద్ది.
మరింక ఎంత తాగినా దానికి దాహం తీరదు."
కవళ్ల వల మరమ్మతుకి దాచిన నైలాను పోగు తీసి
పంటితో ఏటవాలుగా కొరికాడు.
మూడుసార్లు వంగి వెనక్కొచ్చింది.
నాలుగోసారి అవతల తేలింది.

కంటికి ఆనించుకుని చూశాను.
రేవులోకొస్తున్న సరుకు ఓడ
మొత్తం అందులో పట్టింది.

అయినా అయిపోలేదు.
చోక్ మూసినా ఇప్పుడు బతికుంది గాని
గొంతు పైకీ కిందికీ, పైకీ కిందికీ.
సబ్బు నీళ్లు తెచ్చి రబ్బరు గొట్టం చుట్టూ చల్లాడు.
క్లాంపు పక్కన ఒకచోట
నురగ లోపలికి పోయింది, గొంతు మారింది.
వెంట్రుకంత పగులు.
దొంగగాలి తాగుతోంది ఇన్నాళ్లూ.
సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాడు.
"నాలుగు నెలలొస్తాది. తర్వాత కొత్తది కొను, నన్ను తిట్టకు."

చివరికి గాలి స్క్రూ.
పూర్తిగా లోపలికి, అక్కణ్ణించి ఒకటిన్నర చుట్టు వెనక్కి.
"కంపెనీవోడు ఒకటిన్నరన్నాడు.
ఆడికేటి తెలుసు, ఇసాపట్నం గాలిలో సగం నీళ్లే."
కళ్లు మూసుకుని, ట్యాంకు మీద అరచెయ్యి ఉంచి
ఇంకో పావు తిప్పాడు.
చెయ్యి తీయలేదు చాలాసేపు.

ఆరొందలు తీసుకున్నాడు.
"రాత్రి పెట్రోలు కుళాయి కట్టేసి
గిన్నె ఖాళీ అయ్యేదాకా నడవనీ.
నిలవుంటే ఏదైనా జిగురైపోద్ది."

అందుకే ఇప్పుడు ఆఖరి సవారీ అయ్యాక
కుళాయి కట్టి, బండి పక్కన నిలబడతాను.
మిగిలిన గుక్కెడుతో రెండు నిమిషాలు నడుస్తుంది.
ఆగే ముందు ఒక్కసారి గొంతు పెరుగుతుంది.
ఆ తర్వాత
అలలు ఇంతసేపూ ఉన్నాయని తెలుస్తుంది.